పాతబడినవి కూడా చూపించు

మొగిలి తాగొచ్చి తొర్రూరు మార్కెట్ కాంటాలను చెడగొట్టాడని మా ఊళ్లో పక్కింటి సమ్మమ్మ అన్నదట. ఆమె కళ్లారా చూసింది కాదు. పత్తి అమ్మడానికి పోయిన ఆమె మరిది చూశాడట. చేతులు గజగజ వణికాయట, స్క్రూడ్రైవర్ రెండుసార్లు కిందపడిందట, మార్కెట్ సూపర్‌వైజర్ మహిపాల్ నోటికొచ్చినట్టు తిడుతుంటే పల్లెత్తు మాట అనకుండా తల వంచుకుని నిలబడ్డాడట. తాగనివాడైతే ఎదురు చెప్పడా అని సమ్మమ్మ తీర్పు. ఇదంతా సోమవారం పొద్దుగూకాక మా అమ్మ ఫోన్ చేసి నాకు చెప్పింది. అంతా చెప్పి, చివరికి గొంతు తగ్గించి ఇంకో మాట అన్నది.

"నీ పేరు ఎవ్వలెత్తలే బిడ్డా. దేవుడు సల్లగ జూసిండు."

నేను ఊ కొట్టాను. తిన్నావా అంటే తిన్నానన్నాను. పట్నంలో మట్టెవాడ అనే పేటలో నేను అద్దెకుంటున్న గదిలో, మంచం మీద, పొద్దుటి అన్నం డబ్బా మూత కూడా తీయకుండా అలాగే ఉంది.

మొగిలి కాక పదకొండేళ్లుగా మందు ముట్టలేదు. చేతుల వణుకు విషజ్వరం వచ్చి లేచినప్పటి నుంచి ఉన్నది. ఆ సంగతి నాకు తెలుసు. కాంటాలు ఎందుకు ఆగిపోయాయో కూడా తెలుసు. ఆ రోజు పొద్దున పది గంటల నుంచీ తెలుసు.

పాండురంగం సేటు దుకాణం మట్టెవాడలో ఇరుకు సందులో ఉంటుంది. తాతల నాడు ఇత్తడి తక్కెళ్లు, తూకపురాళ్లు అమ్మినవాళ్లు. ఇప్పుడు పత్తి మార్కెట్లకూ మిల్లులకూ ఎలక్ట్రానిక్ కాంటాలు కట్టిస్తున్నారు. కింద బల్ల, పక్కన స్తంభానికి ఒక ఇనుప డబ్బా. ఆ డబ్బాలో అరచేయంత కంప్యూటర్ బోర్డు ఉంటుంది. బస్తా బల్ల మీద పెడితే బరువు చదివి చీటీ అచ్చు వేసేది అదే. ఆ బోర్డులో నడిచే ప్రోగ్రాం రాయడానికి సేటు నన్ను పనిలో పెట్టుకుని నాలుగు నెలలు. పెట్టుకోమని చెప్పింది మొగిలి కాకే. ఆయనది మా పక్క ఊరు. మా నాయన అడిగితే ఆయన పోయి సేటుతో, "పిల్ల సదువుకున్నది సేటూ, మనకు గసుంటి మనిషి కావాలె" అన్నాడట. సేటు ఆ మాట మీదనే తీసుకున్నాడు.

మొగిలి కాక ఐటీఐ చదివాడు. ముప్పై ఏళ్లుగా ఆ దుకాణం బ్యాగు భుజాన వేసుకుని ఊరూరి మార్కెట్లు తిరుగుతున్నాడు. ఏ మార్కెట్‌లో దిగినా చాయ్ హోటల్ వాడు అడగకుండానే గ్లాసు పెడతాడు. "కాంటల మొగిలి" అంటే గుమాస్తా నుంచి హమాలీ దాకా అందరికీ ఎరుకే. ఆయన ఆస్తి అంటే అదొక్కటే.

ఈ పత్తి సీజన్ నుంచి తూకం చీటీ మీద క్యూఆర్ కోడ్ ఉండాలని సర్కారు వాళ్లు అన్నారు. కోడ్ లేని చీటీ చెల్లదు. ఆ కోడ్ గీసే భాగాన్ని మా పాత కంపైలర్ మింగలేకపోయింది. కొత్తది తయారుచేయాల్సి వచ్చింది. దుకాణంలోని కంప్యూటర్ ఒక జాతి, ఆ డబ్బాల్లోని బోర్డు ఇంకో జాతి. ఇక్కడ కూర్చుని అక్కడ నడిచే ప్రోగ్రాం తయారుచేసేదాన్ని క్రాస్ కంపైలర్ అంటారు. దాని సరంజామా అంతా కలిపితే టూల్‌చెయిన్. దాన్ని కట్టేటప్పుడు మొదట్లోనే ఒక ప్రశ్న వస్తుంది: ఏ కెర్నల్ వెర్షన్‌కు కట్టాలి? కెర్నల్ అంటే బోర్డులో అన్నిటికీ అడుగున ఉండి పని చేసిపెట్టేది. ప్రోగ్రాం బరువు చదవమన్నా, చీటీ అచ్చు వేయమన్నా, చేసేది అదే.

తెర మీద వెర్షన్ల జాబితా వచ్చింది. అన్నిటికంటే పైన కొత్తది. దుకాణంలో నా బల్ల మీదున్న బోర్డులో ఉన్నది అదే. దాని మీద వేలు పెట్టాను. జాబితా కింద "పాతబడినవి కూడా చూపించు" అని ఒక చిన్న గడి ఉంది. దాన్ని ముట్టలేదు. ఆ కింద ఇంకో ప్రశ్న: ఇంతకంటే పాత కెర్నల్ మీద ప్రోగ్రాం నడవనియ్యాలా వద్దా? అక్కర్లేదని టిక్కు పెట్టాను.

పక్క బల్ల మీద మొగిలి కాక టంకం పెడుతున్నాడు. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని పెడతాడు, వణుకు ఆపడానికి. తల ఎత్తకుండానే, అంతసేపు ఏమి ఏరుతున్నావని అడిగాడు. నేను నాలుగు ఇంగ్లిష్ మాటలు ఎక్కువే కలిపి చెప్పాను. అంతా విని, బయట డబ్బాల్లో ఏమేమి ఉన్నాయో చూసి ఏరితే మంచిది కదా అన్నాడు.

"రిజిస్టర్ చూసిన కాకా, తొర్రూరుల ఆరుకు ఆరు కొత్త మోడలే. అయినా కొత్తదాంట్ల పాతది కలిసే ఉంటది. పెద్దగిన్నెల చిన్నగిన్నె పట్టదా?"

"గిన్నెల సంగతి నాకేమెర్క బిడ్డా, నేను టంకం వెట్టెటోన్ని" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో ఇప్పుడు తలచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

మా దుకాణం పద్ధతి ఒకటి చెప్పాలి. రిజిస్టర్‌లో రాసేది ఇనుప డబ్బా నంబరు. డబ్బా ఏ ఏడాది అమ్మారో ఆ మోడల్ పేరే అందులో ఉంటుంది. సీజన్ మధ్యలో బోర్డు కాలిపోతే, రైతులు ఆగరు కాబట్టి, మొగిలి కాక దుకాణం అర మీద ఏ బోర్డు దొరికితే అది తీసుకుపోయి లోపల పెట్టి వస్తాడు. అది ఏ కాగితంలోనూ ఎక్కదు. సేటు తండ్రి కాలం నుంచి అంతే. ఏ డబ్బా కడుపులో ఏమున్నదో ఆయనకే తెలుసు. అడిగితే చెప్పేవాడు. ఐటీఐ మనిషిని బీటెక్ మనిషి అడగాలి, అంతే.

గిన్నె మాట కూడా తిరగబడ్డ మాటే. పాత కెర్నల్‌కు కట్టిన ప్రోగ్రాం కొత్త కెర్నల్ మీద నడుస్తుంది. కొత్తదానికి కట్టింది పాతదాని మీద నడవదు. తాత మాట మనవడికి తెలుస్తుంది, మనవడి మాట తాతకు తెలియదు. అందుకే ఉన్నవాటిలో అన్నిటికంటే పాతదాన్ని చూసుకుని కట్టాలి. ఇది పుస్తకంలో మొదటి పేజీ సంగతి. నేను చదివాను కూడా. చదివినది చేతికి రావడానికి ఇంకొంత కాలం పడుతుంది కాబోలు.

సోమవారం మొదటి బస్సుకు మొగిలి కాక తొర్రూరు పోయాడు. తూకాలు మొదలు కాకముందే ఆరు డబ్బాల్లో కొత్త ప్రోగ్రాం ఎక్కించాలి. పది గంటలకు నా ఫోన్‌కు ఒక ఫొటో వచ్చింది. డబ్బాకు ల్యాప్‌టాప్ తగిలించి తీసిన ఫొటో. నల్లటి తెర మీద ఒకే ఒక్క తెల్లటి వరుస. కెర్నల్ మరీ పాతది అని, ఇంగ్లిష్‌లో.

నాకు అర్థం కావడానికి రెప్పపాటు పట్టలేదు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. రెండు నడుస్తున్నాయి, నాలుగు లేస్తలేవు అని కాక చెప్పాడు. వెనకాల ట్రాక్టర్ల చప్పుడు, మనుషుల గోల. ఫొటో చూసినవా బిడ్డా అని అడిగాడు. నా ఎదురుగా సేటు కూర్చుని ఉన్నాడు. ముందురోజే ఎవరికో నన్ను చూపించి, మా ఇంజనీరమ్మ అని చెప్పి చాయ్ తెప్పించిన మనిషి. నా ముఖంలోకే చూస్తున్నాడు.

"నువ్వు సరిగ్గ ఎక్కియ్యలేదేమో కాకా. మళ్ల ఎక్కియ్" అన్నాను.

"సరే మేడం" అన్నాడు మొగిలి కాక.

నాలుగు నెలల్లో ఆయన నన్ను మేడం అనడం అదే మొదలు.

మళ్లీ ఎక్కించాడు. లేవలేదు. మూడోసారి ఎక్కించాడు. లేవదని నాకు తెలుసు. ఆయనకు తెలుసో లేదో ఆలోచించడానికి నాకు ధైర్యం చాలలేదు. పదకొండింటికి మహిపాల్ సేటుకే ఫోన్ చేశాడు. నాలుగు కాంటాలు చచ్చి పడున్నాయి, బండ్ల వరుస గేటు దాటి రోడ్డెక్కింది, మీ మనిషికి చేయి నిలకడ లేదు, ఏం మనిషిని పంపారని. సేటు నా వైపు తిరిగి ఏమైందని అడిగాడు. ఎక్కించేకాడ ఏదో తేడా వచ్చినట్టుందన్నాను. ఆ మాటలో పేరు లేదు. పేరు పెట్టకుండా చెబితే అబద్ధం కాదనుకున్నాను. సేటు నిట్టూర్చి, మొగిలికి వయసు మీద పడుతున్నదన్నాడు. నేను కీబోర్డు వైపు చూశాను.

అప్పటికైనా ఒక్క ఫోన్ చేసి, కాకా, ఆ నాలుగిట్లో ఏ కెర్నల్ ఉన్నదని అడిగితే సరిపోయేది. కానీ ఆ ప్రశ్న అడిగితే తప్పు నాదని ఒప్పుకున్నట్టే. అందుకని అడగలేదు. అర మీద దుమ్ముపట్టిన బోర్డులు వెతికితే నాలుగు పాయింట్ నాలుగు కెర్నల్ ఉన్నది ఒకటి దొరికింది. ఇంతకంటే పాతది ఎక్కడుంటుందిలే అనుకున్నాను. గుడ్డెద్దు చేన్లో పడ్డట్టు ఆ వెర్షన్‌కు టూల్‌చెయిన్ మళ్లీ కట్టాను. నాలుగు గంటలు పైనే పట్టింది. మధ్యలో సేటు వచ్చి ఏం చేస్తున్నావంటే, సులువుగా ఎక్కేలా చిన్న మార్పు చేస్తున్నానన్నాను. చూస్తుండగానే అబద్ధాలు ఒకదాని మీద ఒకటి నోటికి సునాయాసంగా వచ్చాయి. సాయంత్రం ఐదింటికి పంపాను. అప్పటికి ఆ రోజు తూకాలు ఆపేశారు. తూకం కాని పత్తి బస్తాలు యార్డులోనే ఆగిపోయాయి, వాటి మనుషులూ అక్కడే ఆగిపోయారు. ఆ తర్వాతే అమ్మ ఫోన్.

మంగళవారం పొద్దున నాలుగు కాంటాలు నడిచాయి. రెండు లేవలేదు. సేటు నన్ను వెంటనే బస్సెక్కమన్నాడు, తాను కారులో వెనకాల వస్తానన్నాడు. కారులోనే తీసుకుపోవచ్చు కదా అనుకున్నాను కానీ, ఒక గంటసేపు ఆయన పక్కన కూర్చుని ముందుకు చూడటం కన్నా బస్సే నయమనిపించింది.

బస్సు వర్ధన్నపేట దాటేదాకా కాకకు ఏం చెప్పాలో కూర్చుకున్నాను. రాయపర్తి దగ్గర అది బాగాలేదని ఇంకోలా కూర్చుకున్నాను. పొరపాటు జరిగింది కాకా అని ఒకటి, మనిద్దరం చూసుకోలేదు కాకా అని ఇంకొకటి. రెండోది తట్టినందుకు నా మీద నాకే రోత పుట్టింది. తొర్రూరు దిగేసరికి నోట్లో ఏ మాటా మిగల్లేదు.

మొగిలి కాక చచ్చిన కాంటా పక్కన, బస్తాకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ముందురోజు చొక్కానే. ఇంటికి పోయినట్టు లేడు. నన్ను చూసి లేచి, కుర్చీ తెప్పిస్తా కూసోండి మేడం అన్నాడు. నేను వద్దన్నాను. నాలుగు బస్తాల పత్తి తెచ్చుకుని వరుసలో నిలబడ్డ ఒక ముసలామె ఆయన వంక చూసి పక్కామెతో అన్నట్టుగా అందరికీ వినబడేలా అన్నది.

"ఇయ్యాలనన్న తాగకుంట అచ్చిండా, నిన్నటి తీర్గనేనా?"

పక్కవాళ్లు నవ్వారు. మొగిలి కాక ఆమె వైపు చూడలేదు. నా వైపూ చూడలేదు. బ్యాగులోంచి కేబుల్ తీసి, దానికి అంటిన పత్తి పింజను వేలితో తీసి, నా చేతికిచ్చాడు. అప్పుడు చెప్పి ఉండాల్సింది. నాకూ ఆమెకూ మధ్య నాలుగడుగుల దూరం. అమ్మా, ఆయన తాగలేదు, తప్పు నాది అంటే అయిపోయేది. నేను కేబుల్ తీసుకుని ల్యాప్‌టాప్‌కు తగిలించుకున్నాను.

అదే తెల్లటి వరుస మళ్లీ వచ్చింది. ఇక అడగక తప్పలేదు. గొంతు సవరించుకుని, వీటిల్లో ఏ కెర్నల్ ఉన్నది కాకా అన్నాను, ఏదో మామూలు సంగతి అడిగినట్టు.

ఆయన డబ్బా మూత తీయలేదు. వేలితో ఒక్కో కాంటానూ చూపిస్తూ చెప్పుకుపోయాడు. ఈ రెండిట్ల మూడు పాయింట్ పది. రెండేండ్ల కింద పిడుగు పడి కాలితే అర మీద ఉన్న పాత బోర్డులు పెట్టిన. అవతలి రెండిట్ల నాలుగు పాయింట్ నాలుగు. గేటుకాడి రెండు కొత్తయి, అవిట్ల ఆరు. మొత్తం చెప్పడానికి అరనిమిషం కూడా పట్టలేదు. పదిహేను రోజుల కింద ఆ అరనిమిషం నేను అడగలేకపోయాను.

"ఇంకింత కిందికి దిగితె మంచిగుంటది మేడం" అన్నాడు మళ్లీ. "పరకాల మార్కెట్ల ఇంతకన్న పాతది ఒకటున్నది. మూడు పాయింట్ రెండు. దానికి సుత కలిసొచ్చేటట్టు చేస్తె మళ్ల తిప్పలుండది."

ఆఫీసు వరండాలో బల్ల చూసుకుని కూర్చున్నాను. పాతబడినవి కూడా చూపించు అన్న గడిలో టిక్కు పెట్టాను. జాబితా కిందికి సాగింది. నేను బీటెక్ మొదలుపెట్టకముందు వచ్చిన వెర్షన్లు కూడా అందులో ఉన్నాయి. మూడు పాయింట్ రెండు మీద వేలు పెట్టాను. ఫోన్ నెట్ మీద అన్నీ దిగి, కట్టడం పూర్తయ్యేసరికి మధ్యాహ్నం రెండున్నర. అంతసేపూ మొగిలి కాక నడుస్తున్న నాలుగు కాంటాల దగ్గర బస్తాలు సరిగా పెట్టిస్తూ, చీటీ కాగితం చుట్టలు మారుస్తూ తిరిగాడు. నాకు రెండుసార్లు చాయ్ పంపాడు.

మూడింటికి రెండు కాంటాలూ లేచాయి. చీటీ బయటికి వచ్చింది, మీద చదరపు కోడ్. జనం మూగి చూశారు. మహిపాల్ చీటీ చింపి, ఎండకేసి చూసి, శభాష్ అన్నాడు. ఆడపిల్ల వచ్చి కూసున్న జాగల కూసోని లేపిందని అందరికీ చెప్పాడు. పొద్దున తిట్టిన ముసలామె నా చెంపలు నిమిరి, ఏ ఊరు బిడ్డా అని అడిగింది. మా ఊరు పేరు చెప్పాను. మా నాయన పేరు కూడా చెప్పాను. ఎందుకు చెప్పానో, చెప్పాక తెలిసింది. ఆ పొగడ్త మా ఇంటిదాకా పోవాలని నాలో ఎక్కడో ఉన్నది. నిన్న నా పేరు రాకూడదనుకున్నదీ నేనే, ఇవాళ రావాలనుకున్నదీ నేనే.

ఐదింటికల్లా యార్డు ఖాళీ అయింది. బస్తాలు లోపలికి పోయాయి, బండ్లు వెళ్లిపోయాయి, ఊడ్చేవాళ్లు ఆ చివర ఎక్కడో ఉన్నారు. దుకాణంలో పని తెమిలేసరికి ఆలస్యమై, అప్పుడొచ్చాడు సేటు. కారు దిగుతూనే మహిపాల్‌కు దండం పెట్టి, తకలీఫ్ అయింది, మాఫ్ చేయాలె అన్నాడు. మహిపాల్ నన్ను పొగిడాడు. పొగిడి, మొగిలి కాక వైపు గడ్డం చూపించాడు.

"గీ పిల్ల గంటల లేపింది. మీ మొగిలి రెండు దినాలు ముట్టి ముట్టి సంపిండు. యార్డుల ఏమంటాన్లో తెలుసా సేటు? మళ్ల ఆయిన్ని పంపకుండ్రి."

సేటు చెడ్డవాడు కాదు. మొగిలి కాక దగ్గరికి పోయి భుజం మీద చేయి వేసి, చాలా తిరిగినవు, ఇగ దుకాణంల నీడపట్టున కూసోని టంకం పెట్టుకో, జీతం ఎటూ పోదు, బయటి పని స్రవంతి చూసుకుంటది అన్నాడు. అని, బ్యాగు కోసం చేయి చాపాడు. ముప్పై ఏళ్ల బ్యాగు. తోలు పట్టీ రెండుచోట్ల కొత్తగా కుట్టించి ఉన్నది. మొగిలి కాక ఆ పట్టీని భుజం మీంచి తీశాడు. బతిమాలలేదు. ఒక పక్క పట్టీ ఆయన చేతిలో, ఇంకో పక్క సేటు చేతిలో ఉండగా నాకు నోరు వచ్చింది.

"సేటూ, తప్పు నాది. కాకది కాదు."

ఇద్దరూ నా వైపు చూశారు. సేటు నవ్వాడు. మహిపాల్ కూడా నవ్వాడు. పిల్ల మనసు మంచిది, పెద్దమనిషిని కాపాడుతాంది అన్నాడు మహిపాల్. సేటు కళ్లలో నా మీద గౌరవం ఇంకా పెరిగింది. అది నాకు కనబడింది. రెండు రోజుల్లో మొదటిసారి ఒక్క నిజం చెబితే దానికి కూడా నన్నే పొగుడుతున్నారు. భూమిలోకి పోవాలనిపించింది.

ఇక మాటలతో లాభం లేదని, ల్యాప్‌టాప్ తీసుకుపోయి ఇప్పుడే లేచిన కాంటాకు తగిలించాను. మొదటిసారి పంపిన ప్రోగ్రాం నా దగ్గర ఉన్నది. దాన్ని నా చేత్తో ఎక్కించాను. కాంటా ఆగిపోయింది. తెర మీద ఆ వరుస వచ్చింది. సేటును పిలిచి వేలు పెట్టి చదివి, తెలుగులో చెప్పాను. నా చేతులు వణకడం లేదు కదా సేటూ, నేనే ఎక్కించిన కదా, అయినా లేవలేదు కదా అన్నాను. కట్టేటప్పుడు అన్నిటికంటే కొత్త కెర్నల్‌కు కట్టిన. పాతయి చూసి కట్టమని కాక పదిహేను రోజుల కిందనే చెప్పిండు. నేను ఇనలేదు. నిన్న పొద్దున కాక ఫొటో పంపంగనే నాకు తెలిసింది. తెలిసి కూడా మళ్ల ఎక్కియ్యమన్న. మధ్యాహ్నం అడగాల్సింది, అడగకుండ గుడ్డిగ ఇంకోటి కట్టిన. అందుకే ఇంకో రోజు పోయింది. అంతా ఒకే ఊపిరిలో చెప్పేశాను. ఆగితే మళ్లీ చెప్పలేనేమోనన్న భయంతో.

మంచి ప్రోగ్రాం మళ్లీ ఎక్కించాను. కాంటా లేచింది.

సేటు ముఖంలో నవ్వు పోయింది. కానీ ఆయన వ్యాపారం చేసే మనిషి. గబగబా అటూ ఇటూ చూశాడు, యార్డులో ఇంకెవరైనా ఉన్నారా అని. లేరు. అప్పుడు గొంతు తగ్గించి, అయిందేదో అయింది, ఈ ముచ్చట ఈడికే ఉండనియ్యి, బయట తెలిస్తే దుకాణం ఇజ్జత్ పోతది, రేపు ఇంకో మార్కెట్ వాడు మన పెట్టె కొంటడా అన్నాడు. మహిపాల్‌కూ అదే బాగుందనిపించింది. రెండు రోజులు ఒక మనిషిని నోటికొచ్చినట్టు తిట్టిన సంగతి ఆయనకూ గుర్తుకొచ్చినట్టుంది. మొగిలన్నా, మనసుల పెట్టుకోకే అని జేబులోంచి బీడీ కట్ట తీయబోయి, ఎందుకో మళ్లీ లోపల పెట్టుకున్నాడు. సేటు బ్యాగు పట్టీ వదిలేశాడు. తిరుగుడు పని నీదే మొగిలీ, ఎప్పటి తీర్గనే అన్నాడు.

అందరికీ బరువు దిగినట్టయింది. నాకు కూడా దిగింది. చెప్పేశాను కదా అనిపించింది. రెండు రోజుల తర్వాత ఊపిరి బాగా ఆడింది. ఆ తేలికతోనే మొగిలి కాక దగ్గరికి పోయాను. ఆయన బ్యాగు నేల మీద పెట్టి కేబుల్ చుట్ట చుడుతున్నాడు. వేళ్లు వణుకుతుంటే చుట్ట సరిగా రావడం లేదు. సాయం పడదామని చేయి చాపితే ఇవ్వలేదు.

"ఒప్పుకున్న కద కాకా. సేటుకు చెప్పిన, మహిపాల్ సార్‌కు చెప్పిన. ఇగ నువ్వేం ఫికర్ వెట్టుకోకు" అన్నాను.

చుట్ట పూర్తిచేసి, బ్యాగులో పెట్టి, జిప్పు లాగాకే ఆయన తలెత్తాడు. సేటు కారు తాళాలు తిప్పుకుంటూ అక్కడే ఉన్నాడు. మహిపాల్ అక్కడే ఉన్నాడు.

"నిన్న నువ్వు 'సరిగ్గ ఎక్కియ్యలేదు' అన్నప్పుడు నా ఫోన్ స్పీకర్ల ఉండె. యాభై మంది ఇన్నరు. ఇప్పుడు ఈడ ఇన్నది ముగ్గురమే."